హన్మాండ్లు తుడిచే బొమ్మ

సౌదీలో ఖోబర్‌లోని ఆ ఆఫీసు మెట్ల దగ్గర గోడంత బొమ్మ ఉంది. వందేళ్ల కిందటి అమెరికా ఫ్యాక్టరీ, అందులో కండలు తిరిగిన కార్మికులు. దాని అద్దం రోజూ తుడిచేది హన్మాండ్లు. వచ్చింది ఫిట్టరుగా, చేస్తున్నది క్లీనింగ్. అందుకేనేమో, తుడిచే గుడ్డ ఆ బొమ్మలోని బోల్టు మీదికి రాగానే అతని మణికట్టు దానంతటదే బిగింపు వైపు తిరుగుతుంది. ఇంటికి పంపమని పెట్టుకున్న ఎగ్జిట్ కాగితం మీద వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, మూడేళ్లుగా సంతకం పెట్టలేదు.

ఒక పొద్దున ఇంజనీరు వీరభద్రరావు అక్కడ ఆగాడు. "కార్మికుడి గొప్పతనం చూపించడానికే గీశారయ్యా దీన్ని. ఆ బలం చూడు!"

హన్మాండ్లు గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. "బలం మస్తుంది సార్. దినాం దేవులాడుతున్న, వాళ్లు ఇండ్లకు పోనీకి గేటే గీయలే."

అప్పటికే మెరుస్తున్న అద్దాన్ని ఎడమ మూల నుంచి మళ్లీ తుడవసాగాడు.