పుస్తకంలో కుర్రాడు

యుద్ధం ఆగిన రెండో వేసవి. మర్నాడు పరీక్ష, చేతిలో సగం కూడా చదవని నవల. నూజివీడు బస్సులో నా పక్కన మామిడికాయల బుట్టతో కూర్చున్న పెద్దాయన కథేంటని అడిగాడు. రాజులకాలంలో యుద్ధానికెళ్లిన కుర్రాడి కథన్నాను. అంతే, ఇక ఒక్క పేజీ తిప్పనివ్వలేదు.

“వేళకి అన్నం తింటున్నాడా?”

“ఆ సంగతి ఇందులో లేదండి.”

“ఇంటికి ఉత్తరం రాశాడా?”

“లేదండి.”

“తిరిగొస్తాడా?”

నాకు ఒళ్లు మండింది. “చచ్చిపోతాడండి,” అన్నాను. ఆఖరి పేజీ నేనింకా చూడనేలేదు.

ఆయన దిగేటప్పుడు నా ఒళ్లో ఒక కాయ పెట్టాడు.

“గడ్డిలో వెయ్యి, పండుతుంది. మావాడు పట్టాళంలో చేరి బర్మా వెళ్లాడు, కబురు లేదు. ఆ పుస్తకం ఇంకోసారి సరిగ్గా చూడు బాబూ.”

ఇంటికెళ్లి చూశాను. కుర్రాడు తిరిగొచ్చాడు.

పెద్దాయనది ఏ ఊరో నేను అడగనేలేదు.