అడగని ఐబు

మ్యాచ్ పదింటికి అంటే బాలమణి తొమ్మిదింటికే కాలేజీ గేటు దగ్గర నిలబడుతుంది. ఆటగాళ్లు బస్సు దిగడం చూడాలి ఆమెకు. బాస్కెట్‌బాల్ కోర్టులోకి దిగాక ఎవడైనా పులే. చుట్టూ క్లాసువాళ్లంతా చేరి ఈలలు వేస్తుంటే కుంటివాడు కూడా ఎగురుతాడు. బస్సు మెట్ల దగ్గర ఈలలు వేసేవాళ్లు ఉండరు కాబట్టి అక్కడ కాలు అబద్ధమాడదు. ఈ సంగతి ఆమెకు ఏ కోచింగ్ శిబిరంలోనూ చెప్పలేదు. నలభై ఏళ్లు ఎడ్ల బేరం చేసిన తండ్రి అనంతయ్య చెప్పాడు. ఉరికే ఎద్దును చూసి కొనేవాడు పిచ్చోడు, పండుకున్న ఎద్దును లేపి చూసి కొనాలి అనేవాడు. చిన్నప్పుడు అంగడికి తండ్రి వెంట పోయి, ఎడ్ల కాళ్ల మధ్య తిరిగి, ఆమె ఆ చూపు నేర్చుకుంది.

బాలమణికి నలభై ఆరేళ్లు. చేవెళ్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆటల టీచరు, పిల్లల భాషలో పీడీ మేడమ్. ఐదేళ్ల కిందట హైదరాబాద్‌లోని ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఆమెను స్కౌట్‌గా పెట్టుకుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మెహిదీపట్నం నుంచి వికారాబాద్ దాకా ఉన్న కాలేజీలన్నీ తిరిగి, ఏ కుర్రాడిలో పనికొచ్చే ఆట ఉందో చూసి, ఫోన్‌లో ఒక ఫారం నింపి పంపాలి, అంతే పని. ఏటా మే నెలలో డ్రాఫ్ట్ జరుగుతుంది. జట్లన్నీ ఒక హోటల్లో కూర్చుని, ఆ ఏడు చదువు ముగించే ఆటగాళ్లను వంతుల ప్రకారం ఒక్కొక్కరినీ ఏరుకుంటాయి. నిరుడు అట్టడుగున ఉన్న జట్టుకు ముందు వంతు ఇస్తారు. బాలమణి జట్టు కింది నుంచి మూడోది.

మొదటి ఏడాది ఆమె ఈ పని కోసం కొత్త బూట్లు కొనుక్కుంది. ఇప్పుడు చెప్పులతోనే పోతోంది. మొయినాబాద్‌లో రాయి విసిరితే ఫాంహౌస్ గోడకు తగులుతుంది, గురి తప్పితే ఇంజనీరింగ్ కాలేజీకి తగులుతుంది. అన్ని కాలేజీలకూ కోర్టులున్నాయి, నీడ మాత్రం ఒక్కదానికీ లేదు. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, చేవెళ్ల నుంచి నిలబడే వచ్చి, ఎండలో మూడు గంటలు కూర్చుని, మళ్లీ నిలబడే ఇంటికి పోవాలి.

బస్సు కంటే ఆ ఫారమే ఆమెను ఎక్కువ అలిసిపోయేలా చేసింది. అందులో పద్నాలుగు గళ్లున్నాయి. ఎత్తు, చేతుల చాపు, ఎగురు, నూటికి ఎన్ని బుట్టలు, ఇలా అన్నీ అంకెలే. చివర ‘ఇతర విషయాలు’ అని ఒక చిన్న గడి ఉంది. మొదట్లో బాలమణి అందులో ఒళ్లు వంచి రాసేది. ఎవరూ చదవడం లేదేమోనని మూడో ఏట అనుమానం వచ్చి, ఒక కుర్రాడి గురించి ‘ఇతనికి ఆట కన్నా నిద్ర ఇష్టం’ అని రాసి పంపింది. జట్టు ఆ కుర్రాణ్ణి ఎంచుకుంది. వాడు సీజనంతా బెంచీ మీద నిజంగానే నిద్రపోయాడు. ఆ తర్వాత ఆమె ఆ గడిని ఖాళీగా వదిలేయడం మొదలుపెట్టింది.

ఈ మార్చిలో మొయినాబాద్‌లో కాలేజీల టోర్నమెంటు ఫైనల్ రోజున కూడా గేటు దగ్గరే నిలబడింది. అవతలి కాలేజీ బస్సు వచ్చి ఆగింది. పిల్లలు దూకుతూ దిగారు. అందరి కంటే చివర హేమచంద్ దిగాడు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, ఆ ఏడు అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. వాళ్లది భీమవరం వైపు కుటుంబం. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి స్థిరపడి ముప్పై ఏళ్లయింది. హేమచంద్ కడ్డీ పట్టుకుని, మెట్టు మీదికి కుడికాలు దించాడు. ఎడమ కాలిని దాని పక్కకు తెచ్చుకున్నాడు. తర్వాతి మెట్టుకూ మళ్లీ ముందు కుడికాలే దించాడు. పసిపిల్లలు అలా దిగుతారు, మోకాలు పోయినవాళ్లు అలా దిగుతారు. బాలమణి పొద్దున్నే చేవెళ్ల బస్సును సరిగ్గా అలాగే దిగింది.

కోర్టులో అతను ముప్పై ఒక్క పాయింట్లు చేశాడు. కోర్టు చుట్టూ ఈలలే ఈలలు. బాలమణి బంతిని చూడలేదు. ఎగిరిన ప్రతిసారీ అతను ఎడమ కాలి మీదే దిగుతుండడం చూసింది.

మ్యాచ్ అయ్యాక మంచినీళ్ల ఫిల్టర్ దగ్గర ఒంటరిగా దొరికాడు.

“మోకాలు ఎన్ని దినాల సంది నొస్తున్నది?” అని అడిగింది.

హేమచంద్ గ్లాసు కింద పెట్టాడు. “ఏ మోకాలండి?”

“బస్సు దిగిన మోకాలు.”

అతను అటూ ఇటూ చూశాడు. ఇరవై రెండేళ్ల ముఖం ఒక్కసారిగా పదేళ్ల పిల్లాడి ముఖం అయిపోయింది. “డిసెంబర్ నుంచండి. ఎవరికీ చెప్పకండి మేడమ్, ప్లీజ్. నాన్నగారికి కూడా తెలియదు. డ్రాఫ్ట్‌లో పేరు వస్తేనే రెండేళ్లు ఆడుకోమన్నారు. రాకపోతే జులైలో ఉద్యోగంలో చేరిపోవాలి. క్యాంపస్‌లో వచ్చేసింది కూడాను. నాకు ఇదొక్కటే ఛాన్సండి.”

“డాక్టర్లు చూడరా?”

“సంతకాలయ్యాకే చూస్తారటండి. అప్పటికి రెస్ట్ తీసుకుంటే తగ్గిపోతుంది. మీ ఫారంలో కూడా ఆ ప్రశ్న లేదంట కదా, సీనియర్లు చెప్పారు.”

నిజమే, ఆ ప్రశ్న లేదు. అనంతయ్యకు అంగట్లో ఒక నియమం ఉండేది. ఎద్దుకు లోపం ఉంటే దాన్ని ఐబు అంటారు. కొనేవాడు అడిగితే ఐబు దాచొద్దు, అడగకపోతే చెప్పొద్దు. అడగనివాడిది తప్పు గాని అమ్మేవాడిది కాదు. ఆ నియమంతోనే ఆయన నలభై ఏళ్లు కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయాడు.

“ఎవలన్న అడిగితె దాయ,” అంది బాలమణి. “అడగకుంటె చెప్ప. సరేనా?”

హేమచంద్ రెండు చేతులూ జోడించాడు. ఆమె వెనక్కి తిరిగి, పక్కనున్న మూడు మెట్లూ ఒక్కొక్కటే దిగి గేటు వైపు నడిచింది. అతను అక్కడే నిలబడి ఆమె పోవడం చూస్తున్నాడు.

జట్టు ఎంపిక చూసుకునే జితేందర్ ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. “మేడమ్, హేమచంద్ ఫారం రేపటికల్లా పంపండి. వీడియోలు చూసినం, సూపర్ ఉన్నడు. మన ఫస్ట్ పిక్ ఆయనే అనుకుంటున్నం. నంబర్లు పెట్టేస్తే చాలు,” అన్నాడు. ఇంకేమైనా ఉందా అని అడగలేదు. అడుగుతాడేమోనని బాలమణి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉంది. లైన్ కట్ అయింది.

ఇంటి ముందు మంచం మీద అనంతయ్య కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. ఎనభై రెండేళ్లు ఆయనకు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆయన చూపుకు మనుషులే మిగిలారు. పొద్దుగూకే దాకా పోయేవాళ్ల కాళ్లు చూసి తీర్పులు చెబుతుంటాడు. “హన్మంతు కొడుకు నడుము ఏడాదిల పోతది సూడు,” అన్నాడు కూతురు వచ్చి కూర్చోగానే. “బండి మీద ఒక దిక్కు ఒరిగి కూసుంటున్నడు.”

“నాకొక మాట చెప్పు బాపూ,” అంది బాలమణి. “చెప్పాల్సిన ఐబు ఎన్నడన్న దాసినవా?”

“అడిగితె ఎన్నడు దాయలే.”

“అడగకున్న చెప్పాల్సింది ఉండెనా అంటున్న.”

అనంతయ్య తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ముసలాయనకు వినపడలేదేమో అనుకుని ఆమె లేవబోయింది.

“ఒక్కపారి,” అన్నాడు. “ఎద్దు కాదు.”

“మరి?”

“నువ్వు సెలక్షన్‌కు పోయిన దినం. బస్సు ఎక్కుతున్నవ్. ఎడమ కాలు ముందుకేసి, కుడి కాలు గుంజుకున్నవ్. నాకు తెల్సిపోయింది.”

బాలమణి మళ్లీ కూర్చుంది. ఇరవై ఏళ్ల వయసులో, ఉద్యోగమిచ్చే ఒక పెద్ద జట్టు సెలక్షన్‌కు నొప్పి మాత్రలు మింగి, ప్యాంటు కింద గుడ్డ బిగించి కట్టుకుని పోయింది. మొదటి రోజు ఎంపికైంది. రెండో రోజు ఎగిరి దిగింది, మోకాలు మళ్లీ దారికి రాలేదు. అప్పటికే నొప్పి ఉందని లోకంలో ఎవరికీ తెలియదని, ఆ తప్పు తనదొక్కదానిదేనని ఇన్నాళ్లూ మోసింది.

“చూసి గూడ చెప్పకపోతివా?”

“నువ్వు అడగకపోతివి బిడ్డా.” ముసలాయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. “నీ ముఖం గంత వెలగంగ నేను ఎన్నడు సూడలే. ఎట్ల చెప్పాల్నో తెల్వలే. అడగలే గద, ఊకున్న.”

ఆమెకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, మంచం ఎత్తి రోడ్డు మీద వేయాలన్నంత కోపం. ఎనభై రెండేళ్ల మనిషి మీద అరిచి ఏం లాభం? అరవడానికి ఓపిక కూడా లేదు. లోపలికి పోయి పొయ్యి మీద చాయ్ పెట్టి, అది పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అలాగే నిలబడింది. ఆనాడు ఆ ఒక్కమాట చెప్పి ఉంటే తను తండ్రితో పోట్లాడేది. ఆరు నెలలు మాట్లాడకపోయేది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు మాత్రం సక్కగా నడిచేది.

ఫారం తెరిచింది. పద్నాలుగు గళ్లూ నింపింది. చివరి గడిలో ‘కుడి మోకాలు పాడైంది, ముందు డాక్టరుకు చూపించాలి’ అని రాసింది. ఆ గడిని నమ్మలేక జితేందర్‌కు ఫోన్ చేసింది.

“మోకాలి సంగతి మేం అడగలే గద మేడమ్,” అన్నాడు అతను విసుగ్గా.

“అడగలేదనే చెప్తున్న.”

“అయితే వద్దంటరా?”

“వద్దంటలే. తీసుకోని ఆరునెల్లు దవాఖానల చూపియ్యుండ్రి. మంచి పిలగాడు, బాగైతె పదేండ్లు ఆడుతడు.”

“ఫస్ట్ పిక్‌ను దవాఖానకు తోలితే ఓనర్లు నన్ను ఇంటికి తోలుతరు మేడమ్,” అన్నాడు జితేందర్. నవ్వలేదు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో డ్రాఫ్ట్ చూసింది. మొదటి రెండు జట్లూ వేరేవాళ్లను ఏరుకున్నాయి. మూడో వంతులో జితేందర్ ఎవరో కేరళ కుర్రాడి పేరు చదివాడు. ఆ తర్వాతి జట్లూ హేమచంద్‌ను ముట్టుకోలేదు. అంగట్లో ఒకడు నోరు తెరిచి పండ్లు చూసి వదిలేసిన ఎద్దు మీద రెండోవాడు చేయి వేయడు, హోటల్లోనైనా అంతే. చివరి పేరు దాకా చూసి, ఫోన్ బోర్లా పెట్టేసింది. తను ఇచ్చిన మాట తప్పింది, కుర్రాడి ఆశ కూలింది. మంచి చేశానన్న తృప్తి ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంటే ఒంటి నొప్పులు తప్ప ఏమీ దొరకలేదు.

సాయంత్రం ఆరింటికి హేమచంద్ ఫోన్ చేశాడు.

“మీరే చెప్పారు కదా మేడమ్.”

“నేనే చెప్పిన.”

“ఎవరైనా అడిగారా?”

“ఎవ్వరు అడగలే.”

“అడగకపోతే చెప్పనన్నారు కదండి!” హేమచంద్ అరిచాడు. “నమ్మాను మిమ్మల్ని. నాన్నగారు పొద్దున్నే ఫోన్ టీవీకి కలిపి పెట్టారు. చుట్టాలందర్నీ పిలిచారు. పేర్లన్నీ అయిపోయాక అందరూ భోజనం చేసి వెళ్లిపోయారు. మీకేం వచ్చింది మేడమ్ ఇందులో?”

“ఏం రాలే. తిట్టు బిడ్డా, ఇంకిన్ని తిట్టు. మాట తప్పిన.”

తిడతాడని ఎదురుచూసింది. మంచం మీద అనంతయ్య ఇటు తిరిగి కూర్చున్నాడు.

“వాళ్లందరికీ బై చెప్పడానికి లేచానండి,” అన్నాడు హేమచంద్ చివరికి. “లేవలేకపోయాను. గోడ పట్టుకుని లేచాను. నాన్నగారు చూసేశారు.” ఆ తర్వాత అడిగాడు. “నిజం చెప్పండి మేడమ్. ఇది మళ్లీ బాగవుతుందా?”

ఐదేళ్లలో ఆమెను ఈ మాట అడిగినవాడు ఇతనొక్కడే. అడిగితే దాచకూడదు.

“నాకు తెల్వదు,” అంది బాలమణి. “నాది బాగుకాలే. నాది టైముకు ఎవ్వరు చూడలే, నేను చూపియ్యలే. నీది చూపిద్దాం. మెహిదీపట్నంల నాకు తెల్సిన ఎముకల డాక్టరున్నడు. రేపు ఎనిమిదింటికి మొయినాబాద్ స్టాప్ కాడ నిలబడు. నేను చేవెళ్ల బస్సుల వచ్చి దిగుత, నీకు బస్సు ఎక్కుడు కష్టం, ఆడికెల్లి ఆటోల పోదాం.”

“దిగొద్దండి,” అన్నాడు హేమచంద్ వెంటనే.

“ఏమైంది?”

“మీకు దిగడం కష్టం కదా. ఆ రోజు మెట్లు దిగుతుంటే చూశాను. అదే బస్సు మెహిదీపట్నం వెళ్తుందిగా, మీరు అందులోనే కూర్చోండి మేడమ్, నేనే ఎక్కుతాను.”

బాలమణి సరే అంది. ఫోన్ పెట్టేసి చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు చాలాసేపు కిందికే చూస్తూ కూర్చుంది.

“ఏమంటున్నడు పిలగాడు?” అని అడిగాడు అనంతయ్య.

“తనే ఎక్కుతడట బాపూ,” అంది.