ఐదు డిగ్రీల తేడా

ఆమె ఉద్యోగం నీళ్లు కొలవడం. నెలకోసారి కర్మాగారం గొట్టం దగ్గర ఒక కొలత, సరస్సు నడిమధ్య ఒక కొలత. గొట్టం నీళ్లు సరస్సు నీళ్లకంటే ఐదు డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదు. చట్టంలో ఉన్నది అంతే. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ తేడానే రాస్తోంది.

నడిమధ్యకి తీసుకెళ్లేది అన్నయ్య. చేపలు పట్టేవాడు. ఆఫీసుకి సొంత పడవ లేదు. తెడ్లు ఆపి, చెయ్యి నీళ్లలో ముంచి, ఆమె థర్మామీటరు బయటికి తీసేలోపే అంకె చెప్పేసేవాడు.

మొదటి వేసవిలో, "ఇరవై నాలుగు," అన్నాడు.

ఇరవై నాలుగే.

"నీ గాజుపుల్లని నమ్ముతారు, నా చేతిని నమ్మరేం?"

"నీ చేతికి ప్రభుత్వ ముద్ర లేదన్నయ్యా."

"వెయ్యమను. మోచేతి దాకా బోలెడు చోటుంది."

వేసవి వేసవికీ అంకె పెరిగింది. ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది. ఆ వేడి గొట్టంలోంచి రాలేదు, ఆకాశంలోంచి వచ్చింది. సరస్సు వేడెక్కిన కొద్దీ గొట్టానికీ వేడెక్కే వీలు దొరికింది. తేడా మాత్రం ఐదు దాటలేదు.

ఈ వేసవిలో గొట్టం దగ్గర చేపలు తెల్లగా తేలాయి. అన్నయ్య వల వేసే చోటు అదే. ముప్పై మూడు దాటితే ఆ చేప బతకదు. గొట్టం మూయించమని రేవులో వాళ్లంతా అర్జీ పెట్టారు.

"కొలిచేది మా చెల్లెలే," అని అన్నయ్య అందరికీ చెప్పుకున్నాడు.

ఆ రోజు గొట్టం దగ్గర ముప్పై అయిదున్నర వచ్చింది. సరస్సులో ముప్పై ఉంటే అర్జీ గెలిచినట్టే. ఆ లెక్క అన్నయ్యకి తెలీదు. నడిమధ్యకి వెళ్లాక చెయ్యి ముంచాడు.

"ముప్పై ఒకటి! ఇంత వేడి నేనెప్పుడూ చూళ్లేదు. రాసుకో, రాసుకో. దీంతో కర్మాగారం వాళ్ల పని సరి."

ముప్పై ఒకటే. ఆమె పెన్ను కాగితానికి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. తర్వాత రాసింది.

విచారణకి తన మొదటి ఏడాది పుస్తకం కూడా తీసుకెళ్లింది.

"ఈ ఇరవై నాలుగుతో పోల్చండి సార్. సరస్సు బాగున్నప్పటి అంకె ఇది."

అధికారి పేజీ తిప్పి చూశాడు. పుస్తకం మెల్లగా మూశాడు.

"చట్టంలో కొలిచిన రోజు నీళ్లతో అని ఉందమ్మా. సరస్సే మారిపోతుందని రాసినవాళ్లు అనుకోలేదు. వాళ్లు రాయనిది నేనెలా చదవను?"

తేడా నాలుగున్నర. అర్జీ కొట్టేశారు.

ఆఫీసు మెట్ల మీద అన్నయ్య ఆగాడు.

"ముప్పై ఒకటన్నది నేనే కదూ?"

"నువ్వనకపోయినా అదే ఉండేది."

"ఒక్కటి తగ్గించి రాసుంటే?"

ఆమె పాత పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది.

"పోనీలే. నువ్వలా రాస్తే తప్పని నేనే అనేవాణ్ని," అన్నాడు. రెండు మెట్లు దిగి, అక్కడే కూలబడ్డాడు.

మరుసటి నెల పడవ వేళకే వచ్చింది. అందులో వల లేదు. నడిమధ్య అతను తెడ్లు ఆపాడు. ఆమె థర్మామీటరు పెట్టె తెరవకుండా కూర్చుంది.

"ఎంతన్నయ్యా?"

అతని చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

"నువ్వే చూసుకోమ్మా."