మా ఆయన కళ్ళ మీద మట్టి పట్టీ

ఏరువాక పున్నమి ఇంకా రెండు రోజులుందనగా, బుధవారం, పొద్దున పదింబావు. నరసరావుపేటలో మూడు గదుల ఆసుపత్రి. నడిగదిలో పెద్దడాక్టరు తల మీద గడియారం వేలాడేది. అక్షరాలు రాకపోయినా గడియారం చూడటం నాకు అప్పటికే వచ్చు. దినమూ గంటా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆనాటి సంగతి మా ఊళ్ళో మూడు రకాలుగా చెప్పుకుంటారు. మూడూ అబద్ధాలే. నేను యాభై దాటినాక రాత్రిబడిలో పలక పట్టినదాన్ని. అక్షరాలు వచ్చాయి గనక నాలుగోది, నిజమయింది, నేను రాస్తున్నా.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. గురజాల పక్కన మా ఊరు. ఊళ్ళో రెండు పార్టీలు. ఒకదానికి మా ఆయన పెద్ద. రెండోదానికి మా పెదనాన్న కొడుకు, నాకు అన్న, పెద్ద. అంటే బావా బావమరుదులు. పంచాయతీ ఎలక్షన్లలో రాళ్ళు రువ్వుకున్న కాడినుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వాళ్ళు ఒక కొట్లో బీడీలు కొంటే మావాళ్ళు ఆ కొట్టు గడప తొక్కరు. వాళ్ళు పత్తికి ఒక మందు కొడితే మావాళ్ళు ఇంకో మందు కొట్టేవాళ్ళు. పురుగు రెండింటికీ చావలేదు.

ఉగాదికి ముందు చేలో పత్తికట్టె కొట్టిస్తుంటే మా ఆయన అరికాలికి మోడు దిగింది. ఆయనకి షుగరు. పుండు మానలేదు. పసుపు పెట్టాం, ఆకు పసరు పిండాం, ఊళ్ళో ఆరెంపీ డాక్టరు చేత సూదులేయించాం. మానలేదు. అప్పుడు ఎవరో ఈ నరసరావుపేట ఆసుపత్రి సంగతి చెప్పారు. అన్ని వైద్యాలూ ఒకే కప్పు కింద చేస్తారని. బోర్డు మీదా అదే రాసుకున్నారు. అక్షరాలొచ్చాక ఒకసారి అటుగా పోతూ చదివాను. నిజమే, కప్పు ఒకటే. కింద ఉన్నవి మూడు దుకాణాలు.

ఎడమగదిలో కొడుకు, ఇంగ్లీషు డాక్టరు. సూదులూ బిళ్ళలూ. నడిగదిలో తండ్రి. తీపిగోళీలూ కషాయాలూ. కుడిగదిలో కోడలు, ప్రకృతి వైద్యం. మట్టి, నీళ్ళతొట్టి, ఆవిరిపెట్టె, ఎనిమా డబ్బా, బూడిదగుమ్మడికాయ రసం. ఒకరి గదిలో రోగి గురించి ఇంకొకరు నోరెత్తకూడదని ఆ ఇంట్లో ఒప్పందం. ఇల్లు చక్కగా సాగటానికి మంచి ఒప్పందమే. రోగి సంగతి ఎవరిక్కావాలి?

మా ఆయన పోవాల్సింది ఎడమగదికి. గడపలో కాలు కూడా పెట్టాడు. లోపల బల్ల మీద మా అన్న పార్టీ వాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. ఎలక్షన్ల రాళ్ళదెబ్బలకి మా అన్న తలకి కుట్లు వేసింది ఆ డాక్టరేనంట, అప్పటినుంచీ వాళ్ళ జనమంతా ఆయన దగ్గరికే. మా ఆయన పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ పుండుకాలే.

"ఏమయ్యా, సూదిమందు కావాల్సింది నీ కాలికి, పార్టీకి కాదు గదా," అన్నాను.

"నోరు మూసుకోవే. ఆ బల్ల మీద నేను కూర్చున్నానంటే రేపు ఊళ్ళో ఏమనుకుంటారు?"

అట్టా కుడిగదిలో చేరాం. పదిరోజులు తిరక్కుండానే మా పార్టీ వాళ్ళందరికీ కుడిగది వైద్యం కావాల్సిన జబ్బులే వచ్చాయి. ఏ పార్టీలోనూ లేనివాళ్ళు, అంటే మా ఊళ్ళో ఇద్దరు ముసలమ్మలు, నడిగదిలో గోళీలు చప్పరించేవాళ్ళు.

ఇక ఆ డాక్టరమ్మ వైద్యం. ముందు షుగరు బిళ్ళలు మాన్పించింది, ఒంట్లో విషం పెరుగుతుందని. తర్వాత తిండి మాన్పించింది. పొద్దున గుమ్మడి రసం, మధ్యాన్నం కొబ్బరినీళ్ళు, సాయంత్రం ఏమీ లేదు. ఎకరం దున్నొచ్చి చెంబెడు మజ్జిగ దించకుండా తాగే మనిషి, గుమ్మడి రసం గ్లాసుని మందులాగా చూస్తూ కూర్చునేవాడు. ఆపైన మట్టి. నల్లరేగడి మట్టిని కుండలో నానేసి, గుడ్డలో చుట్టి కళ్ళ మీదా పొట్ట మీదా పట్టీలు వేసేది. పుండుకి మట్టే మెత్తేది. పుట్టినకాడినుంచీ రేగడి తొక్కిన కాలు అది. మోడు దిగింది కూడా రేగడిలోనే. ఆ మట్టికే రోగం పోయేదయితే మా పల్నాట్లో ఏ రైతూ మంచాన పడకూడదు.

వెనక వసారాలో మకాం పెట్టి నేను వంట లేని పొయ్యి చూసుకుంటూ కూర్చునేదాన్ని. రోజూ డాక్టరమ్మ వచ్చి పుల్లతో పుండు చుట్టూ నొక్కేది.

"నొప్పుందా అండీ?"

"లేదమ్మా, అసలు తెలవటమే లేదు."

"చూశారా? ప్రకృతి తన పని తాను చేసుకుపోతోంది."

కాలు చచ్చుబడిపోతుంటే దానికి ప్రకృతి పని అని పేరు పెట్టింది ఆ మహాతల్లి. వేళ్ళు నల్లబడుతున్నాయమ్మా అంటే, విషం బయటికొస్తోంది అంది. వాసనొస్తోందమ్మా అంటే, అదే విషం అంది. అన్నిటికీ ఆమె దగ్గర ఒకటే జవాబు. ఎడమగది కొడుకు రోజూ మా వసారా మీదుగా పోయేవాడు. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పోయేవాడు. అంటే వాసన ఆయనకీ తెలుసు.

ఆ బుధవారం నాకు ఇక ఓపిక పోయింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని మనసులో అనుకున్నా. ఆ రోజు చూస్తే బంద్. మా అన్న పార్టీ వాళ్ళదే బంద్. బస్సులు లేవు, టాక్సీలు తిరగనీయట్లేదు. సరే, మట్టి వేళయింది గదా అని ఆయన్ని భుజం మీద ఆనించుకుని కుడిగదికి తీసుకుపోయా.

పక్కమంచం మీద ఎవరో మనిషి గోచీతో పడుకుని ఉన్నాడు. కళ్ళ మీదినుంచి ముక్కుదాకా మట్టి, గుండెలకాడినుంచీ బొడ్డుదాకా మట్టి. డాక్టరమ్మ మా ఆయన కళ్ళకి కూడా పట్టీ వేసి, కాలికి మెత్తటానికి మట్టి తేవటానికి పోయింది.

"మట్టి మహా చల్లగా ఉందండీ," అన్నాడు పక్కమంచం మనిషి, కడుపు బిగబట్టుకుని పీలగొంతుతో.

"చల్లగానే ఉంటది. నాకు చానా రోజులబట్టీ అలవాటే," అన్నాడు మా ఆయన.

"ఏ ఊరండీ తమది?"

మా ఆయన ఊరు చెప్పాడు. పక్కమంచం మీదినుంచి మెల్లిగా, "బావా, నువ్వా?"

మా ఆయన పట్టీ లాగి పారేశాడు. మా అన్న. మూడు రోజులుగా కడుపు ఉబ్బిపోయి, బిళ్ళలకి లొంగక, ఎడమగది మొగుడు కుడిగది పెళ్ళాం దగ్గరికి పంపాడంట. ఎనిమా ఇచ్చి, కాసేపు కదలకుండా పట్టుకోమని చెప్పి పడుకోబెట్టారు.

"వీణ్ణి నా గదిలోకి ఎవరు రానిచ్చారే?"

"నీ గదేంది బావా? మీ తాత కట్టించాడా?"

"ఒరేయ్, లే ముందు!"

"లేస్తే నీకే నష్టం," అన్నాడు మా అన్న, కళ్ళ మీద మట్టి తియ్యకుండానే.

డాక్టరమ్మ మట్టికుండతో పరిగెత్తుకొచ్చింది. "కోపం వద్దండీ, పట్టీ వేడెక్కుతుంది!" అంటది. అరుపులకి ఎడమగది కొడుకు కూడా వచ్చాడు. నేను ఇక ఎవరినీ అడగలేదు. కాలిమీద గుడ్డ లాగేసి, "ఇది చూడు నాయనా," అన్నాను.

చూశాడు. పెళ్ళాం వంక చూశాడు. ఆమె గోడ వంక చూసింది.

"ఇప్పుడే గుంటూరు తీసుకెళ్ళాలి. వేళ్ళు పోయాయి. సాయంత్రందాకా ఆగితే కాలు కూడా దక్కదు."

"నిన్న చెప్పలేకపోయావా?"

"నిన్న ఈయన నా పేషెంటు కాదమ్మా."

ఇన్నేళ్ళయినా ఆ మాట నాకు అరగలేదు. అంత చదువు చదివి, ఆ ముక్క సిగ్గు లేకుండా అన్నాడు.

బయట వాకిట్లో జీపుంది. మా అన్నది. ముందు పెద్ద జెండా. బంద్ రోజు గుంటూరుదాకా ఎవరూ ఆపకుండా పోగలిగేది అదొక్కటే. డ్రైవరు మా పిన్ని కొడుకు.

"వాడి జీపెక్కను," అన్నాడు మా ఆయన.

"నేను పిలిచానా?" అన్నాడు మా అన్న. "కావాలంటే నోరు తెరిచి అడగమను చెల్లెమ్మా. బావా, జీపియ్యి, అనమను. ఇస్తా."

"చస్తే అడగను. కావాలంటే జెండా పీకేసి తీసుకురమ్మను, ఆలోచిస్తా."

"జెండా పీకితే ఫిరంగిపురం కూడా దాటలేవు. నీకు తెలవదా?"

ఇద్దరూ పడుకునే మాట్లాడుతున్నారు. ఒకడి కాలు కుళ్ళిపోతోంది. ఇంకొకడు పొట్ట బిగబట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఊరికి పెద్దలు వీళ్ళు. వీళ్ళ మాట మీద మా ఊళ్ళో తలలు పగిలాయి.

"ఏమన్నా, నీకు బావ కాలు పోవటం కావాలా, జీపు అడగటం కావాలా?" అన్నాను. "ఏమయ్యా, నీకు కాలు కావాలా, ఊళ్ళో మాట కావాలా? కాలు లేనివాడికి ప్రెసిడెంటుగా ఓటెవడేస్తాడు?"

మా అన్న ఏదో అనటానికి నోరు తెరిచాడు. ఎనిమా ఇక ఆగనంది. గోచీ పట్టుకుని, పొట్ట మీద మట్టి జారుతుండగా, దొడ్డివైపు పరుగు. మా ఊరి రెండో పార్టీ పెద్ద.

నేను వాకిట్లోకి పోయాను. "తమ్ముడూ, జీపు తియ్యి."

"అన్న చెప్పకుండా ఎట్టా అక్కా?"

"మీ అన్న రావటానికి చానా సేపు పడుద్ది. ఈలోపు మీ బావ కాలు పోద్ది. రేపు అన్నకి నేను జవాబు చెప్పుకుంటా, తియ్యి."

వాడు తీశాడు. లోపలికొచ్చి మా ఆయన్ని లేపబోతే, కాళ్ళూ చేతులూ బిగదీసుకున్నాడు. "ఆ జెండా చూస్తూ ఎక్కనే. నా వల్ల కాదు." కళ్ళల్లో నీళ్ళు. కాలికి కాదు, జెండాకి.

కిందపడ్డ మట్టి పట్టీ తీశాను. కళ్ళకి గట్టిగా చుట్టి వెనక ముడేశాను. "ఇప్పుడు కనపడుతోందా?"

"లేదు."

"ఎవరి జీపో నీకు తెలవదు. నిన్నెవరో ఎక్కించారు. పద."

వచ్చాడు. నేనూ ఎడమగది కొడుకూ చెరొకవైపు పట్టుకుని ఎక్కించాం. గుంటూరులో ఇమ్మని ఆయన ఒక చీటీ రాసిచ్చాడు, తానూ వస్తానని మాత్రం అనలేదు. ఇన్ని రోజుల వైద్యంలో మట్టి చేసిన మేలు అదొక్కటే, జెండా కనపడకుండా అడ్డం ఉంది.

ఫిరంగిపురం దగ్గర రోడ్డుకి తుమ్మకంప అడ్డమేసి కూర్చున్నారు. జెండా చూసి కంప లాగేసి జై కొట్టారు. వెనకసీట్లో పడుకున్న మా ఆయన చెయ్యి, జై అన్న మాట చెవిన పడగానే, దానంతటదే దండం పెట్టటానికి లేచింది. అవతలి పార్టీ జైకి. నేను చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

గుంటూరులో మూడు వేళ్ళూ అరికాల్లో కొంత ముక్కా తీశారు. కాలు దక్కింది. ఆ తర్వాత మా ఆయన, మట్టి వైద్యం విషాన్నంతా వేళ్ళలోకి దించబట్టే కాలు నిలబడిందని ఊరంతా చెప్పుకున్నాడు. డాక్టరమ్మ కూడా వచ్చిన ప్రతి రోగికీ అదే చెప్పేదంట. ఎడమగది కొడుకు తాను మొదటిరోజే గుంటూరు పొమ్మన్నానని చెప్పాడు. మా అన్న, జీపు నేనే నా నోటితో ఇచ్చి పంపానన్నాడు. ఆ నోరు అప్పుడు ఎక్కడుందో నాకు తెలుసు. మా అన్న ఎవర్ని సాక్ష్యం తెచ్చుకుంటాడో తెచ్చుకోమనండి, అక్కడ ఉన్నది మేం ఇంతమందిమే.

ఆ పదింబావుకి నడిగదిలో గడియారం కింద పెద్దడాక్టరు, ఇంత గోలలోనూ గోళీల సీసా మీదినుంచి తలెత్తనివాడు. ఆయన ఎదురుగా బల్ల మీద మా ఊరి ముసలమ్మలిద్దరూ. మట్టికుండ చేత్తో పట్టుకుని కోడలు. చేతిరుమాలు చేత్తో పట్టుకుని కొడుకు. దొడ్లో తలుపు వెనక మా అన్న. జీపులో మా పిన్ని కొడుకు. వెనకసీట్లో కళ్ళకి మట్టితో మా ఆయన. ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని నేను.