వట్టి సీసా తెల్లబడిన రోజు

ఆరేళ్లుగా ఒక సీసా నా గుండెల మీద ఉంది. చిన్న గాజు సీసా. అందులో నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

నేను కేజీఎఫ్‌లో, మూతబడిన బంగారు గనుల ఊళ్లో, డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఒక ఏడాది మా కాలేజీకి ఒక పథకం వచ్చింది. మార్కులున్న నలుగురే కాదు, గని కూలీల మనవలూ, రాగి చేల నుంచి వచ్చే పిల్లలూ, అందరూ మొదటి ఏడాది నుంచే సొంతంగా పరిశోధన చెయ్యాలి. బాగా చేసిన ఒకరికి బెంగళూరు ల్యాబులో రెండు నెలల చోటు. కాలేజీలో దానికి పెద్దను నేనే. వేదికల మీద ఎంత చక్కగా మాట్లాడేవాణ్నో.

కోరమండల్ లైన్ల నుంచి, అంటే గని కూలీల వరస ఇళ్ల నుంచి, ఒక అమ్మాయి వచ్చేది. ఆమె తాత గనిలో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడట. బంగారం తీశాక గని పారబోసిన మట్టి, ఆ సైనైడ్ దిబ్బల దుమ్ము తమ ఇళ్లలోకి వస్తోందా, చూస్తానంది. కిటికీ గట్ల మీద దుమ్ము తుడిచి, పొట్లాలు కట్టి, ఇంటి నంబర్లు రాసి తెచ్చేది. డిస్టిల్డ్ నీళ్లలో కలిపి, వడగట్టి మందు చుక్క వేస్తే, దిబ్బ ఉప్పు ఉన్న సీసా తెల్లబడుతుంది. పక్కన వట్టి నీళ్ల సీసా ఒకటి పెట్టాలి. అది తెల్లబడకూడదు. బెంగళూరు చోటు ఆమెదేనని అందరూ అనుకునేవాళ్లు.

పథకం పెద్దలు చూడటానికి వచ్చిన రోజు, వట్టి నీళ్ల సీసా కూడా తెల్లబడింది.

ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది. ముందురోజు డిస్టిల్డ్ నీళ్లు అయిపోతే, బోరు నీళ్లతో క్యాను నింపింది నేనే. మా బోరు నీళ్లలోనూ ఆ ఉప్పే ఉంటుంది. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. ఆమె పట్టించుకుంది.

"వట్టి సీసాలోనూ తెల్లగా వస్తా ఉండాది సార్. తప్పు నీళ్లలోనే ఉండాది. ఈ క్యాను యాడ నింపినారో చూస్తే తెలుస్తాది."

నేనే నింపానమ్మా అంటే సరిపోయేది. అనలేదు.

"నీళ్లది కాదమ్మా, నీ చేతులది. దిబ్బ మట్టిలో పుట్టి పెరిగినోళ్లు మీరు. ఇంగ రేపట్నుంచి చేతులు కడుక్కోని రా."

కాలేజీలో నేనెప్పుడూ పుస్తకం తెలుగే మాట్లాడతాను. ఆ రోజు కావాలనే లైన్ల యాసలో అన్నాను, అందరూ నవ్వాలని. నవ్వారు. ఆమె తన అరచేతులు చూసుకుంది.

ఎందుకన్నాను? పరువు కోసమా? అది సగమే. నేనూ ఆ లైన్లలోనే పుట్టాను. మా నాన్నదీ అదే దగ్గు. టేకల్ వైపు రైతులమని అందరికీ చెప్పుకుని, ఆ దుమ్మంతా దులుపుకుని పైకి వచ్చినవాణ్ని, ఈ పిల్ల అదే దుమ్మును పొట్లాలు కట్టి పెద్దల ముందు పెట్టి తలెత్తుకుని నిలబడితే ఓర్చుకోలేకపోయాను. ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో తెలుసు. అక్కడే కొట్టాను. ఆ నిమిషం నాకు హాయిగా కూడా ఉండింది.

చోటు ఇంకొకరికి రాసిచ్చాను. ఆమె మళ్లీ ల్యాబు గడప తొక్కలేదు. ఇప్పుడు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్‌కి పోతోందట. పథకం నివేదిక అట్ట మీద మాత్రం ఆమె ఫొటోయే ఉంది, సీసా పట్టుకుని. నేనే ఎంచాను.

ఈ ఏడాది ఆమె చెల్లెలు చేరింది. మొదటి ప్రాక్టికల్ రోజు ఎవరూ చెప్పకుండానే కుళాయి దగ్గరికి పోయి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. గోళ్లు కూడా. ఎందుకమ్మా అన్నాను. సార్ ముందుకు పోయేటప్పుడు కడుక్కోమని అక్క చెప్పిందట. మామూలుగానే చెప్పింది. తడి చేతులు రెండూ చాపి, చాలా సార్ అని అడిగింది.

చాలు, పోయి నిలబడు అన్నాను.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ క్యాను నింపింది నేను. ఇదిగో, రాశాను. కాస్త తేలికగా ఉంది. చెప్పాల్సినవాళ్లకు కాక మీకు చెప్పి తేలికపడినందుకు సిగ్గుగానూ ఉంది.