బైరి కోసం అడిగిన నేల

మా మేనత్త పోయిందన్న కబురు సోమవారం ఉదయం వచ్చింది. బాగేపల్లిలో మా ఇనుప సామాన్ల అంగడి తలుపు అప్పుడే ఎత్తుతున్నాను. అత్త ఉండే చింతామణి నుంచి ఆమె పక్కింటావిడ ఫోన్ చేసింది. "పాల ప్యాకెట్టు బయటే ఉండాదని తలుపు తడితిమమ్మా. పలకలే. పగలగొట్టి చూస్తే నిద్రలోనే పోయుండాది" అంది. తర్వాత అరగంట నేనేం చేశానో గుర్తు లేదు. ఎవరికో మేకులు తూచి ఇచ్చానట.

అత్త పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టే ఉద్యోగంలో చేరి, అందులోనే రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. చుట్టుపక్కల రైతులకు ఆమె ఆవుల మనిషి. మా ఇంట్లో మాత్రం డేగల మనిషి. గాలిపటాల మాంజా కోసిన రెక్కలతో, కరెంటు కాల్చిన కాళ్ళతో దొరికిన వేటపక్షులను అరణ్య ఇలాఖె వాళ్ళు, అంటే అటవీ శాఖ వాళ్ళు, కాగితం రాసి ఆమెకు అప్పగించేవాళ్ళు. పెరట్లో రేకుల షెడ్డు వేసి, అందులో వాటికి వైద్యం చేసేది.

గాయం మానితే సగం పనే అయినట్టు. నెలల తరబడి కదలకుండా ఉన్న పక్షికి రెక్కల్లో సత్తువ ఉండదు. పాతకాలపు డేగ వేటగాళ్ళ పద్ధతిలో దాని కాలికి పొడవాటి దారం కట్టి, తోలు తొడుగు వేసుకున్న చేతి మీదికి మాంసం ముక్క చూపించి పిలవాలి. రోజురోజుకూ దూరం పెంచాలి. ఆ తర్వాత దారం విప్పి ఎగరేయాలి. తన తిండి తాను వేటాడుకోగలిగిన నాడు వదిలిపెట్టాలి. "మన చెయ్యి దానికి ఇల్లు గాదు పాపా, బస్టాండు" అనేది.

అందుకు నేల కావాలి. మా సీమలో అదే దొరకదు. ఖాళీగా కనిపించిన ప్రతిచోటా ఏదో ఒకటి ఉంటుంది. ద్రాక్షతోటల మీద వలలు, బోర్లకు లాగిన తీగలు, నీలగిరి తోపులు, లేఅవుట్లకు పాతిన రాళ్ళు. అత్తను స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తొండేభావి దాకా, నాగరగెరె దాకా ఎన్ని ఆదివారాలు తిరిగానో. నాగరగెరె దగ్గర ఒక బీడు ఆమెకు బాగా నచ్చింది. అడగడానికి వెళ్తే ఆ ఇంటి ఆసామి గడప కూడా ఎక్కనివ్వలేదు. అయినా అత్త గేటు దగ్గరే నిలబడి ఆ ఇంటామెను నీళ్ళడిగి తాగింది. తిరిగి వస్తూ నేను విసుక్కున్నాను. "కాదన్నోళ్ళ ఇంట్లో నీళ్ళు తాగి రావల్ల. లేకపోతే మళ్ళీ పోయేకి మొగం ఉండదు" అంది.

రెండున్నరేళ్ళ కిందట ఆమె దగ్గరికి ఒక బైరి వచ్చింది. కొండరాళ్ళ సందుల్లో గూడు పెట్టి, ఆకాశం నుంచి రాయి పడ్డట్టు దూకే డేగ అది. దాని ఎడమ రెక్క మాంజాకు తెగింది. అత్త నాలుగు నెలలు కష్టపడి ఆ రెక్కను నిలబెట్టింది. బైరికి మామూలు బయలు చాలదు. ఎంత పైకి లేస్తే అంత దూరం నుంచి దూకుతుంది.

అటువంటి బయలు మిట్టేమరి దగ్గర కనబడింది. ఉలవలు కోసేసిన వాలు నేల. దాన్ని ఆనుకుని రాతి బీడు. రెండూ ఒకే ముసలి రైతువి. అక్కడే గొర్రెలు కాసుకుంటున్నాడు. అత్త అడగ్గానే అడ్డంగా తల ఊపాడు.

"ముందర ఇట్లే పక్షుల ఫోటోలని ఇద్దరు వచ్చిరి. నెల దిరక్కుండా టేపు పట్టుకోని కొలిచేకి వచ్చిరి. వద్దమ్మా."

అత్త నీళ్ళు తాగి వచ్చేసింది. తర్వాత మరో రెండుసార్లు వెళ్ళింది, నేల మాట ఎత్తకుండా. నాలుగోసారి పక్షినే తీసుకెళ్ళింది. కళ్ళకు తోలు టోపీ పెట్టుకుని ఆమె చేతి మీద కదలకుండా కూర్చున్న బైరిని చూసి ముసలాయన గొర్రెలను మరిచిపోయాడు.

"ఇది నా గొర్రెపిల్లను ఎత్తకపోతాదా?"

"నీ గొర్రెపిల్లను చూస్తే ఇదే బయపడతాదప్పా."

అత్త తొడుగు విప్పి ఆయన చేతికి వేసింది, బైరిని దాని మీదికి మార్చింది. ఆయన ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. కాసేపటికి, "దీని గుండె కొట్టుకునేది నా చేతికి తెలుస్తాండాది" అన్నాడు. నేల ఇస్తానన్నాడు, కానీ కాగితం వద్దన్నాడు. "సంతకమంటేనే నాకు బయం. నోటి మాట చాల్దా?" అత్త చాలంది.

నెల రోజులు అక్కడ దారంతో ఎగరేసింది. ప్రతి ఉదయం పక్షిని బయటికి తీయకముందే, కొత్తగా అడ్డు ఏమైనా వచ్చిందేమోనని ఆ పొలం గట్లన్నీ చుట్టి వచ్చేది. దారం విప్పాలనుకున్న రోజున ఆమె మోకాళ్ళు వాచి ఉన్నాయి. "పాపా, నువ్వు నడిచి చూసిరా. చివరి మూల దాకా పో" అంది.

ఆరోజు బాగేపల్లి సంత. అంగడి త్వరగా తెరవాలి. సగం దూరం నడిచి, చివరి మూలను అక్కడి నుంచే చూసి వెనక్కి వచ్చేశాను.

"అంతా చూసినావా?"

"చూసినా అత్తా."

రెండేళ్ళుగా ఈ అబద్ధం నాతోనే ఉంది. ఇప్పుడు చెప్పుకోవడానికి ఆమె లేదు గనుక మీకు చెబుతున్నాను.

బైరి రెండుసార్లు లేచి ఆమె చేతి మీదికి తిరిగి వచ్చింది. మూడోసారి చాలా పైకి పోయింది. అత్త ఈకలు కట్టిన ఎరను తాడుతో గిరగిరా తిప్పింది. బైరి రెక్కలు ముడిచి చివరి మూల మీదుగా దూకింది. నేలకు ఇంకా రెండు నిలువుల ఎత్తులో ఉండగానే గాలిలో ఒక్కసారి పక్కకు తిరిగి, ఉత్తినే పడిపోయింది.

ముసలాయనతో వేరుపడిన కొడుకులు ముందురోజు సాయంత్రం ఆ మూలలో బోరుకు తీగ లాగారు. రెండు నీలగిరి కొయ్యల మధ్య సన్నని తీగ. ఆయనకు చెప్పలేదు. కాగితం లేని మాట సంగతి వాళ్ళకు తెలియదు. నేను ఆ మూల దాకా నడిచి ఉంటే కొయ్యలైనా కనబడేవి.

ముసలాయన కొడవలి పట్టుకుని తీగ మీదికి పోయాడు. అత్త ఆయన్ని ఆపింది. "వాళ్ళకీ నీళ్ళు కావల్ల గదప్పా." కుంటుతూ వెళ్ళి చచ్చిపడిన బైరిని కొంగులో ఎత్తుకుంది. దాన్ని ఇలాఖె వాళ్ళకు అప్పగించినప్పుడు పుస్తకంలో కన్నడంలో నాలుగు వాక్యాలు రాసింది. ఆమె భుజం మీదుగా చదివాను. 'స్థలం పరిశీలించింది నేనే. తీగ నాకు కనబడలేదు.'

నా అబద్ధం ఆమెకు తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు. దారి పొడుగునా ఒక్క మాటే అంది, "నేనే నడిచుండల్ల."

ఆ తర్వాత మళ్ళీ పక్షిని తీసుకోలేదు. ఇలాఖె వాళ్ళు ఫోన్ చేస్తే నేల లేదని చెప్పేది. బుధవారాల్లో మాత్రం బస్సెక్కి ఎక్కడికో పోయేది. అడిగితే చిక్కబళ్ళాపురంలో మోకాలికి వైద్యమంది. నేను నమ్మాను.

దహనం అయ్యాక, గురువారం నాడు పలకరించడానికి వచ్చినవాళ్ళతో పాటు మిట్టేమరి ముసలాయన వచ్చాడు. ఎవరు చెప్పారో ఏమో. అందరూ వెళ్ళేదాకా గోడ పక్కన నిలబడి, తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఈ బుధవారం రాలే. ఒంట్లో బాగలేదనుకుంటి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. అత్త రెండేళ్ళుగా ప్రతి బుధవారం అక్కడికి వచ్చేదట. బోరు మొదటి ఎండాకాలానికే ఎండిపోతే ఆయనే కొయ్యలు పీకించి, తీగ చుట్ట చుట్టి ఇంట్లో పడేశాడట. ఏడాది నుంచి ఆ బయలు మీద ఏమీ లేదట.

"పక్షిని తెచ్చేకి ఇంగేమి అడ్డమమ్మా అంటే, 'ఇంగొకసారి నడిచి చూస్తానప్పా' అంటా ఉండె. ప్రతిసారీ అదే మాట."

ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"పోయిన వారం గూడా వచ్చింది. చివరి మూల్లో నిలబడి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోని పైకే చూస్తా ఉండె. నేను గొర్రెల్ని అటే తోలుకుంటా పోతి. పక్కకు జరుగుతాదిలే అనుకుంటి. జరగలే. గొర్రెలే రెండుపాయలుగా చీలి, ఆమెకు అటొకటి ఇటొకటి పొయ్యి, దాటినాక మళ్ళీ ఒకటైనాయి. ఆమె కిందికి చూడనే లేదమ్మా."