ఒక చుట్టుకు ఎన్ని చప్పుళ్లు

రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే గౌస్ చేసే మొదటి పని తొమ్మిది వోల్టుల బ్యాటరీని నాలుకకు తాకించుకోవడం. చురుక్కుమంటే బ్యాటరీలో ప్రాణం ఉన్నట్టు. మీటరు చేతికందేంత దూరంలోనే ఉంటుంది, అయినా అతనికి నాలుక మీదే నమ్మకం. చురుక్కుమన్నాక ముఖం చిట్లిస్తాడు. ఆ చిట్లించిన ముఖంతోనే ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న మల్లన్న వైపు చూస్తాడు. ఆ రోజు తగువు అక్కడ మొదలవుతుంది. టీలో నీళ్లెక్కువని ఒకరోజు, గిన్నె మాడిందని ఇంకోరోజు. ఏమీ దొరక్కపోతే, పొద్దుపొద్దున్నే నవ్వే మనిషిని చూస్తే అరిష్టమని.

కోరుట్ల బస్టాండు వెనక సందులో 'గౌస్ రేడియో టీవీ రిపేర్' అన్న బోర్డు కింద ముప్పై ఏళ్లుగా ఇదే వరస. బాగుచేయమని తెచ్చిన వస్తువును ముందు తిడతాడు, తర్వాత దాన్ని కొన్నవాణ్ణి తిడతాడు, చివరికి బాగుచేస్తాడు. ఏం చెడిందో, ఏం మార్చాడో మాత్రం చెప్పడు. కొన్నవాడికి వస్తువు నడిస్తే చాలు, లోపలి సంగతి వాడికెందుకన్నది అతని సిద్ధాంతం.

అంతకు ముందు పద్దెనిమిదేళ్లు సిరిసిల్లలో సాంచెల మోటార్లు బాగుచేశాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. షెడ్డు బయట నిలబడి చప్పుడు విని, రెండో వరసలో మూడో సాంచెకు బెల్టు వదులైందని చెప్పేవాడట. సాంచె చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం వెంట్రుకవాసి తప్పినా అతని చెవికి తెలిసిపోయేది. సాంచెలు నడిపించే ఆసాములు అతన్ని మెచ్చుకునేవారు కాదు, భరించేవారు.

ఇప్పుడు కొట్టు మధ్యలో ఒక ప్లైవుడ్ అడ్డం ఉంది. దానికి అవతల కూతురు నాహీద్ సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. ముప్పై రెండేళ్ల మనిషి. మైక్రోస్కోపు కింద ఆమె చేసే పనిని తండ్రి 'భూతద్దం పని' అంటాడు. తన బల్ల ముందున్న కుర్చీలో ఆమెను ఏనాడూ కూర్చోనివ్వలేదు. ఇంట్లో వాళ్ల మాట ఉర్దూ, తండ్రిని ఆమె పిలిచేది అబ్బా అని. కొట్లో తగువు మాత్రం తెలుగులోనే పడతారు, సందంతా అర్థం చేసుకోవాలని.

రెండేళ్లుగా గౌస్ కుడిచేయి వణుకుతోంది. బల్ల ఊగుతోందంటూ దాని కాళ్ల కింద అట్టముక్కలు పెట్టుకుంటూ వచ్చాడు. నాలుగు కాళ్లకూ పెట్టడం అయిపోయింది.

ఆ కార్తీకంలో ఒకనాడు జగిత్యాల నుంచి శ్యాంసుందర్ వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు కాజీపేటలో పొగ ఇంజన్లకు బొగ్గు వేసి, తర్వాత రైలు డ్రైవరై, రిటైరైన మనిషి. చంకలో ఒక అట్టపెట్టె. లోపలికి రాకుండా గడప దగ్గరే ఆగాడు.

"గౌసూ, ఇంక బతికే ఉన్నవా?"

"నీ టేప్‌రికార్డర్ కన్న ఎక్కువ రోజులే ఉన్న. దేనికచ్చినవ్?"

ఇరవై రెండేళ్ల కిందటి పగ అది. శ్యాంసుందర్ టేప్‌రికార్డర్‌లో టేపును చదివే హెడ్ అరిగిపోతే గౌస్ తన దగ్గరున్న కొత్తది వేసి ఇచ్చాడు. వేసినట్టు అలవాటు ప్రకారం చెప్పలేదు. ఇంటికెళ్లి మూత విప్పి చూసుకున్న శ్యాంసుందర్‌కు తనది కాని హెడ్ కనిపించింది. అది కొత్తదో పాతదో ఆయనకు తెలియదు, తనది కాదని మాత్రం తెలుసు. మర్నాడే వచ్చి సందు నడిమధ్యన నిలబడి దొంగ అన్నాడు. గౌస్ అప్పుడైనా ఉన్న సంగతి చెప్పి ఉండవచ్చు. వీడికి నేను సంజాయిషీ ఇచ్చుకోవాలా అనుకుని ఊరుకున్నాడు. ఆ మాట సందులో ఉండిపోయింది. కొత్తగా దుకాణం పెట్టినవాళ్లకు కూడా ఎవరో ఒకరు దాన్ని అందిస్తూనే వచ్చారు.

శ్యాంసుందర్ పెట్టె విప్పాడు. లోపల నల్లటి పొగ ఇంజను, అసలుదాన్ని కొలిచి కుదించినట్టు జానెడు పొడవున. వెనక బొగ్గు డబ్బా. జగిత్యాల ఇంట్లో ముందుగదినిండా చెక్కబల్ల వేసి, దాని మీద పట్టాలు పరుచుకున్నాడట. ఇంజను తిరుగుతుంది కానీ మూగది. దానికి గొంతు పెట్టే డీకోడర్ విడిగా కొన్నాడు. బొటనవేలి గోరంత పలక, దానికి రంగురంగుల వైర్లు. పట్టాల గుండా వచ్చే ఆజ్ఞను అందుకుని మోటారును తిప్పుతుంది, స్పీకరులో ఆవిరి చప్పుడూ కూతా వినిపిస్తుంది. పెట్టేటప్పుడు కాలిపోతే తమకు సంబంధం లేదని హైదరాబాదు దుకాణం వాళ్లు అన్నారట. కరీంనగర్‌లో అసలు ముట్టుకోలేదట. అందుకే శత్రువు గడప తొక్కాల్సి వచ్చింది.

తొక్కిన మనిషి ఊరికే ఉండలేదు. ప్రతి భాగానికీ ఫోనులో ఫొటో తీసుకున్నాడు. జేబులోంచి గోళ్లరంగు సీసా తీసి, స్క్రూలతో సహా అన్నిటి మీదా ఎర్రచుక్కలు పెట్టాడు. మారిస్తే దొరికిపోవాలని.

మల్లన్న టీ వడకట్టడం ఆపి చూస్తున్నాడు. శ్యాంసుందర్ చివరి చుక్క పెట్టేదాకా గౌస్ ఓపిక పట్టాడు.

"గిది సక్కగ మోగితే, నువ్వు గీ సందుల నిలవడి గౌస్ దొంగ కాదని అనాలె."

"మోగకుంటే?"

"నా బోర్డు దించుత."

"నీ చేతితోని చేస్తెనే. ఇంకెవలతోనన్న చేయిపిస్తే లెక్కకు రాదు. మల్లన్నా, ఇన్నవ్ గద?"

మల్లన్న విన్నాడు. సందంతా విన్నది. శ్యాంసుందర్ మూరెడు పట్టా, ఒక కంట్రోలరూ వదిలి, వాటికీ ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

మొదటి రెండు రోజులు గౌస్‌ను తప్పుపట్టడానికేమీ లేదు. ఇంజను మోటారుకు ఒక కొస ఇనుప చట్రానికే కలిపి ఉందని మీటరుతో పట్టుకున్నాడు. అది విడదీయకుండా డీకోడర్ పెడితే కరెంటు ఇచ్చిన క్షణంలో కాలిపోతుంది. ఎందరో చేసే పొరపాటు. గౌస్ చేయలేదు, విడదీశాడు. మూడోరోజు అతకడం మొదలుపెట్టాడు. వైర్లు వెంట్రుకల్లా ఉన్నాయి. సోల్డరింగ్ కడ్డీ కొన వైరు మీద కాక దాని పక్కన పడింది. బూడిదరంగు వైరుకు పైతోలు కరిగిపోయింది. కాలినమేరకు కత్తిరించి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ కరిగింది. ఇంకొక్కసారి కత్తిరిస్తే అందనంత పొట్టిదైపోయింది వైరు. లేచి బల్ల కాళ్లకింద అట్టలు సర్దాడు.

ప్లైవుడ్ మీదుగా నాహీద్ గొంతు వచ్చింది. "టేబుల్ ఊగుతలేదు అబ్బా. నీ చెయ్యి ఊగుతున్నది."

"నీ ఫోన్లు నువ్వు చూసుకో."

ఆమె ఇవతలికి వచ్చి లేవమంది. అతను లేవలేదు. ఇంజనూ, డీకోడరూ, స్పీకరూ పళ్లెంలో పెట్టుకుని ఆమె తన వైపు తీసుకుపోయింది. చేయి చాస్తే ఆపగలిగేంత దగ్గరలోంచే వెళ్లింది. అతను ఆపలేదు. ఆపలేదన్న సంగతి ఆమె గమనించకుండా ఉండాలని, ఆమె పుట్టిన గడియ దగ్గర్నుంచి తిట్టడం మొదలుపెట్టాడు. తిట్లు పూర్తయ్యేసరికి అవతల అతకడం కూడా పూర్తయింది.

ఇంజను కూసింది. దోమ కూసినట్టు. నాహీద్ స్పీకరును బొగ్గు డబ్బాలో వట్టిగా అంటించింది. స్పీకర్ వెనక గాలి మూయకపోతే చప్పుడు ఎటో పోతుందని గౌస్ అరిచాడు. ఆమె వినలేదు. సిరిసిల్ల నాటి పనిముట్ల సంచిలోంచి అతను ఒక ప్లాస్టిక్ కండె తీశాడు, సాంచెకు నూలు చుట్టి పెట్టేది. దాన్ని అడ్డంగా కోసి, ఒక మూత అతికించి, పెట్టె చేసి ఆమె బల్ల మీదికి విసిరాడు. అది బిగించాక కూత గొంతు నిండుగా వచ్చింది. బాగుందని ఆమె అనలేదు. చూశావా అనకుండా అతనూ ఊరుకోలేదు.

చివరిపని చప్పుడును చక్రానికి జత కలపడం. చక్రం ఒక చుట్టు తిరిగితే ఆవిరి ఎన్నిసార్లు బుస్సుమనాలో డీకోడర్‌కు అంకెలో చెప్పాలి. ఎంత పెట్టమంటావని నాహీద్ అడిగింది.

"ఒకటి. ఒక చుట్టుకు ఒక దెబ్బ. సాంచె ఎట్లనో గట్లనే."

ఫోనులో వేరేగా ఉందని ఆమె అనబోయింది. తన చెవి కన్నా ఆ ఫోను గొప్పదా అని గౌస్ గొంతు పెంచాడు. నిజానికి ఆ చెవి పొగ ఇంజనును దగ్గరగా విన్నదే లేదు. అతను సిరిసిల్లలో ఉన్నన్నాళ్లూ అక్కడికి రైలే లేదు. కోరుట్లకు రైలొచ్చేసరికి పొగ ఇంజన్ల కాలం పోయింది. నాహీద్ ఒక్కక్షణం అతన్ని చూసి, ఒకటి పెట్టింది.

ఆదివారం ఇద్దరూ జగిత్యాల బస్సెక్కారు. పెట్టె గౌస్ ఒళ్లో ఉంది. నాహీద్ ముందు సీట్లో కూర్చుంది.

శ్యాంసుందర్ ముందు ఎర్రచుక్కలన్నీ లెక్క చూసుకున్నాడు. తర్వాత ఇంజనును పట్టాల మీద పెట్టాడు. కూత వచ్చినప్పుడు ఆయన కుడిచేయి, లేని గొలుసును లాగుతున్నట్టు, తనకు తెలియకుండానే పైకి లేచింది. ఇంజను కదిలింది. బుస్సు. చాలాసేపటికి ఇంకో బుస్సు.

శ్యాంసుందర్ చేయి దించి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇది ఇంజనా, సాంచెనా? నేను బండి అడిగిన గౌసూ, చీరె నేయమనలే."

"చక్రం ఒక చుట్టు, దెబ్బ ఒకటి. మిషనన్నంక గంతే."

"రెండు సిలిండర్లుంటయ్. ఒక్కోదాంట్ల పిస్టన్ పోంగొకటి, రాంగొకటి. నాలుగు. ఎనిమిదేండ్లు బొగ్గేసిన, నాకు చెప్పకు. పోయి బోర్డు దించుకో."

నాహీద్ కంట్రోలర్ అందుకుని అంకె మార్చి ఇంజనును వదిలింది. ఈసారి అది నాలుగేసి చప్పుళ్లతో సాగింది, మెలిక దగ్గర నెమ్మదించినప్పుడు చప్పుళ్లూ నెమ్మదించాయి, మళ్లీ అందుకున్నాయి. శ్యాంసుందర్ నవ్వు ఆగింది. ఇంజను గది చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాక ఆయన నాహీద్ వైపు తిరిగాడు.

"నాలుగని నీకెట్ల ఎరుక బిడ్డా?"

"మొన్ననే చూసిన సార్."

"మరి ఒకటెందుకు పెట్టినవ్?"

"పందెం అబ్బాది. ఆయన ఒకటన్నడు. పెట్టిన."

గౌస్ కూతురి వైపు తిరిగాడు. తెలిసీ తనను ఇంతదూరం తెచ్చింది, ఈ మనిషి ముందు నవ్వులపాలు కావడానికి. తెలిసీ చెప్పకపోవడం ఎవరి దగ్గర నేర్చుకుందో అతనికి వేరే చెప్పనక్కరలేదు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

శ్యాంసుందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంజనైతె సక్కగ మోగింది, కాదన. అతుకులు ఎవలయి? నీయంటే ఇప్పుడే నీతోని కోరుట్లకస్త, సందుల నిలవడి అంట. ఒక్క మాట చెప్పు."

నాహీద్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. కాదనే ఉద్దేశం ఆమెకు లేదని వీపు చూస్తేనే తెలుస్తోంది. అవునంటే చాలు. ఇరవై రెండేళ్ల మాట ఈ సాయంత్రానికి పోతుంది. గౌస్‌కు ఆ మాట నాలుక దాకా వచ్చింది. అది అంటే, తన చేయి వేయని అతుకును తనదని పట్టుకుపోయినట్టు. అప్పుడు ఈ ముసలాడు దొంగ అన్నది నిజమే అవుతుంది.

"కండె నాది. అతుకులు నా బిడ్డయి. నాలుగు గూడ నా బిడ్డదే. నా చెయ్యి ఊగుతది."

"ఐతే పందెం పోయినట్టే."

"పోయింది."

"నీ బిడ్డ దొంగ కాదని జెప్పాల్నంటే చెప్త, సందుల."

"ఆమెను ఎవలన్నరు?" అన్నాడు గౌస్, లేస్తూ.

తిరుగు బస్సులో జగిత్యాల పొలిమేర దాటేదాకా ఆగి, తెలుగులోనే మొదలుపెట్టాడు. ఎందుకు చెప్పలేదన్నాడు. నువ్వు అడిగావా, అరిచావన్నది ఆమె. కండక్టరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కోరుట్ల వచ్చేదాకా ఎవరూ తగ్గలేదు.

మర్నాడు గౌస్ స్టూలెక్కి బోర్డు దించాడు. స్క్రూడ్రైవరు మాటిమాటికీ జారుతుంటే అరగంట పట్టింది. మల్లన్న స్టూలు పట్టుకోబోతే వద్దని కసిరాడు. నాహీద్ ఎవరి ఫోనో చూస్తూ కూర్చుంది. నెల తిరక్కుండా ఆమె పేరుతో కొత్త బోర్డు లేచింది. శ్యాంసుందర్ మళ్లీ కోరుట్ల రాలేదు. సందులో ఆ పాతమాట ఎవరూ తీసేయలేదు.

గౌస్‌కు ఇప్పుడు అరవై తొమ్మిదేళ్లు. ప్లైవుడ్‌కు ఇటువైపే కూర్చుని ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు.